ఆరున్నొకటి

మొన్న కుందుర్పి దగ్గర ఏదో షూటింగ్ జరుగుతుంటే పోయి గంటసేపు నిలబడ్డాను. నటుల బట్టలు, బొట్టు, చేతిలోని వస్తువులు ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ మారిపోకుండా చూసే పనిని సినిమావాళ్లు కంటిన్యుటీ అంటారు. ఆ పని చేస్తున్న అమ్మాయి ఒక్క షాట్‌కు సెల్‌ఫోన్‌తో నలభై ఒక్క ఫోటోలు తీసింది. లెక్కపెట్టాను. అది ఒకప్పుడు నా పని. నాకు మాత్రం సినిమా మొత్తానికి కలిపి ఇచ్చినవి తొంభై.

ఆ అమ్మాయితో మాట కలిపి నా సంగతి చెప్పబోయాను. ఆమెకు తీరిక లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, ఆమె కోసం, ఆమెలాగా ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం. నేను పదకొండు సినిమాలకు పనిచేశాను. పదింటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చెప్పాల్సింది మొదటిదాని గురించే.

ఇరవై ఏళ్ల పైమాట. అప్పటికి నేను ఉరవకొండ వైపు ఒక శెనక్కాయల మిల్లులో మూటలు లెక్కపెట్టే పనిలో ఉన్నాను. పదో తరగతి తప్పాను. లెక్కల్లో కాదు, మిగతావాటిలో. లెక్క నాకు మా నాయన దగ్గర వచ్చింది. కళ్లాల దగ్గర ధాన్యం, కాయలు కొలిచే పని ఆయనది. రాగి శేరు చేతపట్టుకుని కొలుస్తుంటే పక్కన కూర్చుని గుర్తు పెట్టుకోవడం నా చిన్నప్పటి బడి. కొలిచేవాళ్ల లెక్క బడిలెక్క కాదు. మొదటి శేరు పోస్తూ 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. లాభం, రెండు, మూడు అని ఆరు దాకా మామూలుగా పోయి, ఏడు దగ్గర మళ్లీ తప్పుకుంటారు. 'ఆరున్నొకటి' అని, ఆ తరువాత ఎనిమిది.

"రైతు కండ్ల ముందర ఆయప్ప పంట కొలుస్తా 'ఏడు' అంటావా? ఏడవమని చెప్పినట్టు గాదా?" అనేవాడు నాయన. పదిహేడుకు, ఇరవై ఏడుకు ఆయనకు పట్టింపు లేదు. ఒట్టి ఏడుకే.

ఆ వేసవి చివర్లో ఒక చిన్న సినిమా బృందం కుందుర్పి దగ్గరికి వచ్చింది. మొత్తం పందొమ్మిది మంది. మా మిల్లు యజమానికి అక్కడ ఖాళీ గోదాము ఉండేది. వాళ్లు అందులోనే దిగారు. గోదాము అప్పగించడానికి నన్ను పంపారు. ఆ రోజే వాళ్ల కంటిన్యుటీ మనిషి ఎండకు జడిసి తిరిగి వెళ్లిపోయాడు. దర్శకుడు ముప్పై ఏళ్లు నిండని హైదరాబాదు కుర్రవాడు. వాకిట్లో తల పట్టుకుని కూర్చున్నాడు. నేను నేలలో నా కర్ర గుచ్చి, నీడ చూసి, "ఇంకో పది నిమిషాలకు మధ్యాహ్నం సార్, భోజనాలకు చెప్పమంటారా?" అన్నాను. ఆయన నన్నూ కర్రనూ మార్చి మార్చి చూశాడు.

"గడియారం పెట్టుకుని కూడా నీడెందుకు చూస్తున్నావ్?"

"గడియారంలో పన్నెండు, సూర్యునికి పన్నెండు ఒకటి కాదు సార్. ఇక్కడ ఇప్పుడు నీడ అన్నిటికన్నా పొట్టి అయ్యేది పన్నెండూ ఇరవై అయిదుకు."

ఆ సాయంత్రానికి ఆ ఉద్యోగం నాది. మిల్లు యజమాని "ఇరవై నాలుగు రోజులే గదప్పా, పో" అన్నాడు. ఆయనకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను, ఎందుకంటే మళ్లీ మిల్లుకు పోలేదు.

నా చేతికి ఒక డబ్బా కెమెరా ఇచ్చారు. మీట నొక్కితే మూతి కింద నుంచి తెల్ల అంచుల ఫోటో అప్పటికప్పుడు బయటికి వస్తుంది. మొదట బూడిద రంగు, నాలుగైదు నిమిషాలకు మనిషి. ఒక్కో పెట్టెలో పది కాగితాలు, మొత్తం తొమ్మిది పెట్టెలు. సినిమాలో సీన్లు అరవై ఎనిమిది. సీనుకొకటి పోను ఇరవై రెండు మిగులు. ఈ లెక్క వేసుకుని మొదటి రోజు ధైర్యంగా పనిలో దిగాను. మధ్యాహ్నానికి మూడు ఫోటోలు ఎండ వేడికి ఎర్రమన్ను పూసినట్టు తయారయ్యాయి. మొహమేదో గోడేదో తెలియలేదు. మరునాటి నుంచి ఫోటో బయటికి రాగానే స్టీలు క్యారియరు గిన్నెలో పెట్టి, ఆ గిన్నెను తడి గోనెపట్ట మీద ఉంచేవాణ్ని. ఫోటోలు చల్లగా, నెమ్మదిగా, సరైన రంగులో వచ్చేవి. ఊరివాళ్లు చుట్టూ చేరి "అన్నం ఉడికినట్టు ఉడుకుతాండాయప్పా బొమ్మలు" అనేవారు.

ప్రతి ఫోటో వెనుక సీను నంబరు రాయాలి. మొదటి సీను ఫోటో వెనుక 'లా' అని రాశాను. చెయ్యి అలా పోయింది.

దుస్తులు చూసే ఆయన కోస్తా మనిషి, యాభై ఏళ్లవాడు, నోరు ఊరుకోదు. ఆ ఫోటో తిప్పి చూసి, "ఇదేంటయ్యా, 'లా'? కోర్టు సీనేమీ లేదే మన దాంట్లో" అన్నాడు.

"లాభం అన్నా. ఒకటి అని."

ఆయన నవ్విన నవ్వుకు గోదాము రేకులు కదిలాయి. ఆ పూట నుంచి నా పేరు పోయింది, నేను లాభాన్ని అయ్యాను. పొద్దున్నే ఎదురుపడితే "ఏం లాభం, టిఫినైందా?" నేను ఏదైనా లెక్క చెబితే "చెప్పి ఏం లాభం, లాభం?" పందొమ్మిది మందీ ఇదే వరస. నాకు కోపం రాలేదు. మిల్లులో మూడేళ్లు పనిచేసినా నన్ను ఎవరూ ఏ పేరూ పెట్టి పిలవలేదు.

వాళ్లు నవ్వినందుకు 'లా' కొట్టేసి '1' రాశాను. ఏడో సీను వచ్చేసరికి మాత్రం చెయ్యి ఒప్పుకోలేదు. 6 రాసి, చిన్న చుక్క పెట్టి, 1 రాశాను. ఆరున్నొకటి. ఎవరూ చూడలేదు. క్లాప్ కొట్టే పిల్లవాడు నంబర్లన్నీ ఇంగ్లీషులో అరిచేవాడు కాబట్టి నోటితో ఆ మాట అనాల్సిన అవసరం నాకు రాలేదు.

కథ క్లుప్తంగా చెప్పాలి, లేకపోతే తరువాతది అర్థం కాదు. ఎండిన చేను, ఒక తల్లి. ఏడో సీనులో ఆమె మంచి రోజుల్లో ఇంటి బయట అరుగు మీద కూర్చుని ఉంటుంది. చెవులకు బంగారు కమ్మలు. తరువాత బోరు వేయించడానికి ఆ కమ్మలు పోతాయి, నీళ్లు పడవు. అరవై ఒకటో సీను చివరిది లాంటిది. ఆమె ఇంట్లో పెట్టె సర్దుకుని, బయటికి వచ్చి, అదే అరుగు మీద, మొదట్లో కట్టుకున్న అదే చీరలో కూర్చుంటుంది. చీర అదే, అరుగు అదే, చెవులు మాత్రం బోసి. దర్శకుడు ఆ సినిమా తీయడానికి కారణమే ఆ తేడా. ఈ మాట మొదటి రోజే మా అందరికీ చెప్పాడు.

ఆ తల్లి వేషం వేసినామె నాటకాల మనిషి. మా వైపు పల్లెల్లో ముప్పై ఏళ్లు పద్యాలు పాడింది. సినిమా ఆమెకు అదే మొదటిది. నన్ను తొలిరోజే అడిగింది:

"ఏమప్పా, ఈ ముక్కలు ముక్కలుగా తీసేదేంది? పొద్దున ముసిలిదాన్ని అయితి, మద్యానం పెండ్లికూతురైతి. నేను యాడుండానో నువ్వు చెప్తాండాలబ్బా."

"నేను చెప్తానక్కా. అంతా ఫోటోలో ఉంటాది."

ఆ మాట ఎంత ధీమాగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అరవై ఒకటో సీనులో ఇంటి లోపలి భాగం రెండో వారంలోనే తీశారు. దానికి ఫోటో తీసి వెనుక 61 అని రాశాను. బయటి భాగం షూటింగ్ ఆఖరి సాయంత్రానికి మిగిలింది. ఈ రెంటి మధ్య గాలి వచ్చింది. మా సీమలో ఆ రోజుల్లో గాలి ఎలా వీస్తుందో తెలిసినవాళ్లకు చెప్పక్కరలేదు, తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. గోదాములో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో ఫోటోలు వరసగా తగిలించి ఉంచాను. తలుపు ఎవరో తెరిచారు. ఒక్క ఊపుకు తాడు తెగింది. ఫోటోలు వాకిలి దాటి, కంచె దాటి చేలల్లో పడ్డాయి. పందొమ్మిది మందీ, ఊరి గొర్రెలవాళ్లు ఇద్దరూ కలిసి గంటన్నర ఏరారు. ఒకాయన గొర్రె నోట్లోంచి ఒకటి లాగి తెచ్చాడు. "మంచి ఆకలి మీదుండాది అన్నా, ఇంగ రెండు నిమిషాలైతే హీరో పోతాండె" అన్నాడు.

అన్నీ దొరికాయి. నేను లెక్కపెడుతుంటే దర్శకుడు పిలిచాడు. దుస్తులాయన "నువ్వెళ్లు లాభం, నంబర్ల వరసలో నేను పెడతాలే" అని చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. పెద్దాయన, సాయం చేశాడు. ఆ చెమటకో దుమ్ముకో నేను పెట్టిన చిన్న చుక్క చెరిగిపోయి ఉంది. ఏడో సీను ఫోటో అరవై ఒకటి అయి కూర్చుంది.

ఆఖరి సాయంత్రం. అరుగు పడమటి ముఖం. అయిదు కావొస్తోంది. ఎండ అరుగు మీద ఏటవాలుగా పడి ఆమె మొహానికి తగలాలి, అది అయిదుంపావు దాటితే ఉండదు. నేను నీడను చూస్తూ నిమిషాలు చెబుతున్నాను. దుస్తులాయన ఫోటోల డబ్బాలో 61 వెతికితే రెండు వచ్చాయి. ఒకటి ఇంటి లోపలిది, చీకటిగా ఉంది. ఇంకొకటి అరుగు మీదిది. తీస్తున్నది అరుగు మీదే. ఆయన రెండోది పట్టుకున్నాడు. ఆయన స్థానంలో మీరున్నా అదే పట్టుకునేవారు. కమ్మలు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

ఆమె పెట్టుకోలేదు. నన్ను కేకేసింది.

"ఏమప్పా లాభం! కమ్మలు బోరుకు పోయినాయి గదా, మళ్ల యాడ నుంచి వచ్చినాయి ఇవి?"

దుస్తులాయన ఫోటో నా ముందు పెట్టాడు. నేను ముందువైపు సరిగా చూడలేదు. నా కళ్లు నీడ మీద ఉన్నాయి. వెనక్కి తిప్పి నంబరు చూశాను. నా చేతిరాతే. 61.

"ఫోటోలో ఉండాయక్కా."

"బాగా చూసినావా?"

"నంబరు ఉండాదక్కా, నా చేతిరాతే."

ఆమె ఒక్క క్షణం నా మొహం చూసింది. తరువాత కమ్మలు పెట్టుకుంది. ముప్పై ఏళ్లు వేషాలు వేసిన మనిషి, తన పాత్ర చెవిలో ఏముందో తనకు తెలుసు. అయినా నా అంకె మీద గౌరవంతో ఊరుకుంది. ఎండ పోతుందన్న హడావిడిలో దర్శకుడు కూడా చెవులు చూడలేదు. ఆరు షాట్లు తీశాం. ఫిలిం డబ్బాలు అనంతపురం మీదుగా పట్నానికి పంపాలి. క్లాప్ పిల్లవాడు ఆ సాయంత్రమే వాటిని తీసుకుని బస్సెక్కాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మరునాడు పొద్దున ఆరుకు లేచి ఫోటోలు అప్పగించడానికి సర్దుతున్నాను. తీసినవి ఎనభై ఎనిమిది, ఎండకు చెడినవి మూడు. ఎనభై అయిదు ఉండాలి. ఎనభై అయిదూ ఉన్నాయి. మొత్తం సరిపోతే చాలామంది అక్కడితో ఆపేస్తారు. నాకు వరస కూడా చూస్తే గాని మనసు ఒప్పదు. 5, 6, 8. ఏడు లేదు. చివరకు పోయేసరికి 61లు రెండు. ఒకే సీనుకు రెండో ఫోటో తీస్తే పక్కన అక్షరం రాసేవాణ్ని, కాబట్టి ఒట్టి 61లు రెండు ఉండే వీలు లేదు. రెంటినీ తిప్పి పక్కపక్కన పెట్టాను. ఒక దాంట్లో కమ్మలు మెరుస్తున్నాయి.

గోనెపట్ట మీద కూలబడ్డాను.

దుస్తులాయన పక్కనే పెట్టెలు కడుతున్నాడు. నా వాలకం చూసి వచ్చాడు. చూపించాను. ఆయనకు అర్థం కావడానికి అర నిమిషం పట్టింది. ఆరున్నొకటి అంటే ఏమిటో చెప్పడానికి ఇంకో నిమిషం. ఈసారి నవ్వలేదు. గొంతు తగ్గించి అన్నాడు:

"ఊరుకో. తొమ్మిదింటికి లారీ కదులుతుంది. డబ్బాలు వెళ్లిపోయాయి. ఎవరికీ తెలీదు. ఎవడు చూస్తాడయ్యా చెవులు? నువ్వు తప్ప."

"మా ఊరి ఆడోళ్లు చూస్తారన్నా. వాళ్లు ఫస్ట్ చూసేదే చెవులు."

"చూస్తే చూశారు. నీకిది మొదటి సినిమా. దీంతోనే ఆఖరిది చేసుకుంటావా?"

ఆయన నా మేలు కోరే అన్నాడు. ఆ మాటకు నేను ఊగిసలాడలేదని చెప్తే అబద్ధం. ఎంతసేపు ఊగానో గడియారం చూసుకోలేదు. నా జీవితంలో లెక్క లేని సమయం అదొక్కటే. ఆమె "బాగా చూసినావా?" అన్నప్పటి మొహం కండ్ల ముందర నుంచి కదల్లేదు. లేచి దర్శకుడి దగ్గరికి పోయాను.

ఆయన నీళ్ల తొట్టి దగ్గర పళ్లు తోముకుంటున్నాడు. ఫోటోలు రెండూ ఆయన ముందు పెట్టి జరిగింది చెప్పాను. నా నంబరు, నా తప్పు, ఆమె అడిగినా నేను వినలేదని కూడా. ఆయన బ్రష్ నోట్లోంచి తీయడం మరిచిపోయాడు. నురగ గడ్డం మీదికి కారింది.

"ఇంట్లో బోసి చెవులతో లేచి, గడప దాటేసరికి కమ్మలు," అన్నాడు చివరికి. "జనం నవ్వుతారు. నవ్వకూడని ఒకే ఒక్క చోట నవ్వుతారు."

కెమెరామన్ పెద్దవాడు, తక్కువ మాట్లాడేవాడు. ఎప్పుడు వచ్చాడో వెనుక నిలబడి ఉన్నాడు. "చెయ్యడానికేముంది? ఫిలిం లేదు. అంతా అయిపోయింది" అన్నాడు.

"ఒక ముక్క ఉండాది సార్" అన్నాను. "పదమూడో డబ్బా చివర మిగిలింది. డెబ్బై అడుగులు. మీరు పక్కన పడెయ్యమంటే నేను నల్లకవరులో చుట్టించి చీటీ అంటించినా."

"డెబ్బై అడుగులతో ఏం తీస్తాం?"

"నిమిషానికి తొంభై అడుగులు పోతాది సార్. కెమెరాకు ఎక్కించేదానికి ఆరు తీసేస్తే అరవై నాలుగు. నలభై రెండు సెకండ్లు వస్తాది."

నా పుస్తకం తెరిచాను. నిన్నటి ఆరు షాట్లలో ఒకటి వెనుక నుంచి, ఒకటి చేతులు, రెండు దూరం నుంచి, కొంగు తల మీద ఉంది. చెవులు తెలిసేవి రెండే. ఆ రెండింటి స్థానంలో దగ్గరి నుంచి ఒక్కటి తీస్తే సరిపోతుంది. దర్శకుడు నా పుస్తకం లాక్కుని తనే చదివాడు. చదివి మళ్లీ నీరసపడ్డాడు.

"వెలుతురో? అది సాయంత్రం ఎండ. ఆమెకు ఎనిమిదిన్నరకు బస్సు. రేపు బళ్లారి వైపు ఎక్కడో నాటకం ఒప్పుకుంది."

దీనికి మాత్రం నేను తడుముకోలేదు. నీడ పొట్టిగా అయ్యేది పన్నెండూ ఇరవై అయిదుకు. నిన్న తీసింది అయిదుంపావుకు అయిదు నిమిషాలు తక్కువ. నాలుగు గంటల నలభై అయిదు నిమిషాలు ఆ పక్క. అంతే వెనక్కి వస్తే ఏడూ నలభై. అప్పుడు సూర్యుడు అంతే ఎత్తులో ఉంటాడు, కాకపోతే తూర్పున. ఇంటి వెనుక గోడ తూర్పు ముఖం, అదే మట్టి, అదే సున్నం, అదే ఎర్రమన్ను పట్టీ. మొహం దగ్గరి నుంచి తీస్తే ఏ పక్క గోడో ఎవరికీ తెలియదు.

కెమెరామన్ ఆకాశం వైపు చూశాడు. "సాయంత్రం దుమ్ముకు ఎండ కాస్త ఎర్రగా ఉంటుంది," అన్నాడు. కెమెరా పెట్టె వైపు నడుస్తూ, "ఆ మాత్రం నేను చూసుకుంటా" అన్నాడు. అప్పుడు ఆరూ యాభై.

ఆమెకు చెప్పే పని నాకే వదిలారు. న్యాయమే. ఆమె సంచి సర్దుకుని, ఉగ్గాని తింటూ కూర్చుంది. నిలబడే చెప్పాను. ఆమె నమలడం ఆపలేదు. అంతా విని, చేయి కడుక్కుని అంది:

"నేను అడిగితి గదప్పా."

"అడిగినావక్కా."

"ఫోటో నన్ను ఎప్పటి నుంచి చూస్తాండాది? ఇరవై దినాలు. నేను ఆయమ్మను లోపల పెట్టుకొని ఉండేది ఆర్నెల్ల నుంచి." అంతే. లేచి అదే చీర కట్టుకుంది. కమ్మలు తీసి దుస్తులాయన చేతిలో పెట్టింది. తరువాత గోదాము మూల ఉన్న చీపురు దగ్గరికి పోయి, ఒక పుల్ల విరిచి, గోరంత ముక్కలు రెండు చేసి, చెవి రంధ్రాల్లో పెట్టుకుంది.

మా వైపు కమ్మలు తాకట్టుకు పోయినప్పుడు ఆడవాళ్లు చేసే పని అది. పుల్ల పెట్టకపోతే రంధ్రం పూడిపోతుంది. ఎప్పటికైనా కమ్మలు తిరిగి వస్తాయనే ఆశకు గుర్తు ఆ పుల్ల. మా అమ్మ చెవుల్లో నేను ఎన్నో ఏళ్లు చూశాను. అయినా నాకు తట్టలేదు. దర్శకుడికి తెలిసే అవకాశమే లేదు.

నాలోని లెక్కలవాడు అప్పుడు కూడా ఊరుకోలేదు. "అక్కా, లోపలి సీనులో పుల్లలు లేవు" అన్నాను. ఆమె నా వైపు తిరిగి చూసింది. నేను అసలు 61 ఫోటో తీసి చూశాను. లోపల చీకటి. చెవి నల్లగా ఉంది, పుల్ల ఉందో లేదో దేవుడికే తెలియాలి. ఫోటోను డబ్బాలో పెట్టేశాను.

"ఉండనీ అక్కా" అన్నాను.

ఏడూ ముప్పై అయిదుకు ఆమె తూర్పు గోడ ముందు కూర్చుంది. క్లాప్ పిల్లవాడు లేడు, పలక నా చేతికి వచ్చింది. సుద్దతో 61 రాశాను. షాట్ నంబరు దగ్గర సుద్ద ఆగింది. అరుగు భాగానికి షాట్ నంబర్లు మళ్లీ ఒకటి నుంచి వేశాం. నిన్న ఆరు తీశాం, ఇది ఇంకొకటి. చూశారా, అది నన్ను వెతుక్కుంటూ వచ్చింది. 7 అని రాశాను, చుట్టూ గీత కూడా గీశాను, మళ్లీ ఎవరూ పొరపడకుండా.

కర్ర నీడ, ఏడూ నలభైకని నేను నేల మీద గీసిన గీతను తాకింది. చెయ్యి ఎత్తాను. కెమెరా తిరగడం మొదలైంది. పలక ఆమె మొహం ముందు పట్టుకుని, "సీను అరవై ఒకటి, షాట్..." అని ఆగాను. ఇంగ్లీషు మాట ఆ క్షణాన నోటికి రాలేదు. నాయన గుర్తొచ్చాడు. సెకనుకు అడుగున్నర ఫిలిం పోతోంది. రెండు సెకండ్లు, మూడడుగులు తగలేసి, "ఏడు!" అన్నాను గట్టిగా. కొట్టి పక్కకు తప్పుకున్నాను.

ఆమె ఏడవలేదు. ఎదురుగా ఖాళీ చేను వైపు చూసింది. చాలాసేపు ఏమీ చేయలేదు. నేను మనసులో సెకండ్లు లెక్కపెడుతున్నాను. పందొమ్మిది దగ్గర ఆమె కుడిచెయ్యి పైకి లేచింది. చెవి దగ్గరికి పోయి, పుల్ల ఉందా లేదా అన్నట్టు తడిమింది. ఉంది. దాన్ని వేలితో కాస్త లోపలికి నెట్టింది. చెయ్యి దించి ఒళ్లో పెట్టుకుంది. ఫిలిం అయిపోయిన చప్పుడు వచ్చేదాకా అలాగే కూర్చుంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దుస్తులాయన చేతిలో కమ్మలు పట్టుకుని, వాటిని ఏం చేయాలో తెలియనట్టు చూస్తున్నాడు.

మొదట మాట్లాడింది ఆమే. "ఏమప్పా లాభం, మొగం మీదికి పలక పెట్టి 'ఏడు' అని అరుస్తివి! నువ్వు చెప్పినావని ఏడుస్తానా నేను?" అప్పుడు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కళ్లు తుడుచుకుంటూ.

రివాజు ప్రకారం ఆ షాట్‌కు ఫోటో తీశాను. ఎనభై తొమ్మిది. కెమెరాలో ఒకటి మిగిలింది. దర్శకుడు నా చేతిలోంచి కెమెరా తీసుకుని, "అందరూ ఉన్నారు దీంట్లో, నువ్వొక్కడివే లేవు" అని నన్ను గోడకు నిలబెట్టి మీట నొక్కాడు. గిన్నెలో పెట్టలేదు, తడి గోనె మీద ఉంచలేదు, ఎండలోనే ఊపుతూ ఆరబెట్టాడు. ఎర్రగా వచ్చాను. ఆయన వెనక్కి తిప్పి, పెన్ను అడిగి, ఏదో రాసి నా జేబులో పెట్టాడు. ఆమెను ఎనిమిదిన్నర బస్సు ఎక్కించి వచ్చాక తీసి చూసుకున్నాను. 'లా' అని ఉంది.

ఆ ఫోటో ఇప్పుడు దాదాపు వెలిసిపోయింది. మొహం పోయింది, చొక్కా పోయింది, వెనుక అక్షరం మాత్రం ఉంది. నా తప్పును తిట్టకుండా పనిగా మార్చిన మనుషుల మధ్య నేను ఈ వృత్తి మొదలుపెట్టాను. తరువాతి పది సినిమాల్లో పెద్ద పెద్ద బృందాలు చూశాను. అక్కడ ఇంతకన్నా చిన్న తప్పుకు మనుషులను పంపించేయడం కూడా చూశాను. నేను ఎంత అదృష్టవంతుణ్నో అప్పుడు తెలిసింది. అన్నట్టు, ఆ తరువాత ఎప్పుడూ ఫోటో వెనుక చూసి జవాబు చెప్పలేదు. ముందువైపు చూసి, ఆపైన ఆ వేషం వేసిన మనిషిని అడిగి, అప్పుడు నంబరు చూసేవాణ్ని. సెల్‌ఫోన్ పిల్లలకు చెప్పదలచుకున్నది ఏదైనా ఉంటే ఇదే.

సినిమా ఎక్కువ చోట్ల ఆడలేదు. మా వైపు ఒక హాల్లో ఆడిన మూడు రోజుల్లో రెండో రోజు మ్యాట్నీకి పోయాను. జనం పలచగా ఉన్నారు, ముందు రెండు వరసల్లో కూలిపని లేని ఆడవాళ్లు కొందరు. నేను వెనుక గోడకు ఆనుకుని నిలబడ్డాను. అరవై ఒకటో సీను వచ్చింది. వెనుక నుంచి, దూరం నుంచి, చేతులు. ఆ తరువాత తెర నిండా ఆమె మొహం. తూర్పు ఎండో పడమటి ఎండో నాకే తెలియలేదు. ఆమె చెయ్యి పైకి లేచి చెవిని తాకింది.

ముందు వరసలో ఒకామె చెయ్యి లేచింది. తన చెవి తడిమి చూసుకుంది. పక్కనామెది. దాని వెనుక వరసలో ఇంకొకరిది. తెర వెలుగులో ఆ చేతులు స్పష్టంగా కనబడుతున్నాయి. నా పెదవులు వాటంతట అవే కదిలాయి. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు.

అటు చివర, చాలా ఆలస్యంగా, ఒక ముసలామె.

ఆరున్నొకటి.